బండి చెప్పే మాట విందాం



ఇదివరకు మన గోడపత్రికలో వానపాము గురించి, జలచక్రం గురించి పాఠాలు వచ్చాయి. ఈసారి నేను మోటారు సైకిల్ గురించి రాస్తున్నాను. ఆడపిల్లలకి బండి సంగతి ఎందుకు అని కొందరు నవ్వవచ్చు. మన ఊళ్ళల్లో చాలావాటికి బస్సు రాదు. సంతకి బస్తా పోవాలన్నా, జ్వరం వచ్చినవాళ్ళు ఆసుపత్రికి పోవాలన్నా బండే దిక్కు. అది ఘాట్ మధ్యలో ఆగిపోతే కష్టం అందరిదీ. కాబట్టి క్లచ్ గురించి, బండి చేసే శబ్దాల గురించి తెలుసుకుందాం.

క్లచ్ అంటే ఏమిటి?

ఇంజన్ తిరుగుతూనే ఉంటుంది. కాని చక్రం ఎప్పుడూ తిరగకూడదు కదా! ఇంజన్‌ని చక్రంతో కలిపేది, విడదీసేది క్లచ్. 100 సీసీ బండ్లలో ఇది ఇంజన్ లోపలే, ఆయిల్‌లో తడుస్తూ ఉంటుంది. అందులో రెండు రకాల ప్లేట్లు ఉంటాయి. ఒకటి గరుకు ప్లేటు, ఒకటి ఉక్కు ప్లేటు, మళ్ళీ ఒక గరుకు ప్లేటు, ఇలా మన అన్నం కంచాలు పేర్చినట్టు పేర్చి ఉంటాయి. వాటిని స్ప్రింగులు గట్టిగా నొక్కి పెడతాయి.

మీ రెండు అరచేతులు గట్టిగా అదిమి ఒక చెయ్యి కదపండి. రెండోది కూడా కదులుతుంది. వదులుగా పెట్టి కదపండి. జారిపోతుంది. క్లచ్ పని ఇంతే. ఘర్షణ పాఠంలో మనం చదివిందే. ఎడమచేతి లివర్ పట్టుకుంటే ప్లేట్లు వదులవుతాయి, ఇంజన్ బలం చక్రానికి పోదు. లివర్ వదిలితే ప్లేట్లు అతుక్కుంటాయి, బండి కదులుతుంది.

మా అన్న బండి సంగతి

దసరాలప్పుడు మా అన్న బండి పాడేరు ఘాట్ ఎక్కలేకపోయింది. రేస్ ఇస్తే ఇంజన్ అరుస్తోంది కాని బండి ముందుకి పోవడం లేదు. ఒక మెకానిక్ ప్లేట్లు కాలిపోయాయని చెప్పి మొత్తం మార్చాడు. ఆ డబ్బు కోసం రెండు మేకలు అమ్మాం. సంక్రాంతి సెలవులకి నేను ఇంటికి వెళ్ళేసరికి కాఫీ గింజల బస్తా వేసుకుంటే మళ్ళీ అదే అరుపు, మాడు వాసన. వారం నుంచి అలా ఉందట. "ఈసారి ఏం అమ్మాలో" అని అమ్మ ఏడ్చింది.

బండితో వచ్చిన పుస్తకం సంచిలోనే ఉంది. "నేను మూడో తరగతితో ఆపేశాను, అది నాకెందుకు చెల్లీ, నువ్వు చదువు" అన్నాడు అన్న. అది ఇంగ్లీషులో ఉంది. కూడబలుక్కుని చదివాను. క్లచ్ లివర్ బొమ్మ దగ్గర 10 నుంచి 20 మి.మీ. అని ఉంది. అంటే లివర్ చివర అంత దూరం ఊరికే వదులుగా కదలాలి, ఆ తర్వాతే బిగుతు తగలాలి. నా జామెట్రీ బాక్సు స్కేలు పెట్టి కొలిచాను. మా బండికి సున్నా! వైరు ఎప్పుడూ లాగి ఉంది. అంటే చెయ్యి తీసినా క్లచ్ సగం పట్టుకున్నట్టే. స్ప్రింగులు ప్లేట్లని పూర్తిగా నొక్కలేవు, ప్లేట్లు జారి మాడతాయి. కొత్త ప్లేట్లు వేసినప్పుడు ఇది ఎవరూ చూడలేదు.

వైరు కింది చివర లాక్ నట్టు వదులుచేసి, అడ్జస్టు నట్టు కొంచెం తిప్పి, కొలిచి, మళ్ళీ తిప్పి 15 మి.మీ. పెట్టాం. మర్నాడు బస్తాతో ఘాట్ ఎక్కింది. తొందరగా చూశాం కాబట్టి ప్లేట్లు బతికాయి. బాగా మాడిపోతే మార్చక తప్పదు.

క్లచ్‌కి వచ్చే రెండు జబ్బులు

1. జారడం: ఇంజన్ మోత పెరుగుతుంది, వేగం పెరగదు. ఎక్కుడులో, బరువుతో ముందు తెలుస్తుంది. పరీక్ష: ఖాళీ చదును రోడ్డు మీద పై గేరులో నెమ్మదిగా పోతూ రేస్ ఇవ్వాలి. మోత ఒక్కసారిగా లేచి వేగం రాకపోతే జారుతున్నట్టే. చూడవలసిన వరస: ముందు లివర్ వదులు, తర్వాత ఆయిల్, చివరికి ప్లేట్లు, స్ప్రింగులు. కార్లకి పోసే కొన్ని ఆయిళ్ళలో జారుడు మందు కలుపుతారు, అది పోసినా క్లచ్ జారుతుంది. బండి పుస్తకంలో చెప్పిన ఆయిలే పోయాలి.

2. విడవకపోవడం: లివర్ పూర్తిగా పట్టినా బండి ముందుకి పాకుతుంది. న్యూట్రల్ దొరకదు. గేరు వేస్తే పెద్దగా కటక్‌మంటుంది. పరీక్ష: ఇంజన్ ఆపి, మొదటి గేరు వేసి, లివర్ పట్టి తొయ్యాలి. బండి దొర్లాలి. దొర్లకపోతే లివర్ వదులు ఎక్కువైందేమో, వైరు పోగులు తెగుతున్నాయేమో చూడాలి. రాత్రంతా చలిలో ఉన్న బండికి పొద్దున్నే ప్లేట్లు కాస్త అంటుకుంటాయి. అది రోగం కాదు.

శబ్దాన్ని ఎలా పట్టుకోవాలి?

శబ్దం వినగానే భయపడి ఇంజన్ విప్పించకూడదు. ముందు ఇవి గమనించాలి.

• బండి నిలబెట్టి న్యూట్రల్‌లో వినాలి. గలగల శబ్దం లివర్ పట్టగానే తగ్గితే అది క్లచ్ వైపుగాని గేర్ల వైపుగాని ఉన్నట్టు. కొద్దిగా ఉండడం మామూలే, రోజురోజుకీ పెరిగితే చూపించాలి. లివర్ పట్టినప్పుడే శబ్దం వస్తే క్లచ్ బేరింగ్ మీద అనుమానం.
• నిలబడి రేస్ ఇచ్చినా పెరిగితే అది ఇంజన్‌ది. పైన టిక్‌టిక్ అంటే టాపెట్లు, పక్కన గొలుసు కొట్టుకున్నట్టుంటే టైమింగ్ చైన్ కావచ్చు.
• నిలబడితే లేదు, నడిస్తేనే వస్తోంది అంటే చైన్, చక్రం బేరింగ్, బ్రేకు చూడాలి. చైన్ వదులై కవర్‌కి తగిలినా టకటకమంటుంది.
• గుంటలో పడ్డప్పుడే వస్తే స్టాండు స్ప్రింగు, సైలెన్సర్ బోల్టు, నెంబరు ప్లేటు చూడాలి. పానా ఉంటే చాలు.
• ఇనుము రాసుకున్నట్టు పెద్ద అరుపు వస్తే వెంటనే ఇంజన్ ఆపి ఆయిల్ చూడాలి. నడపకూడదు.

ఇంకో ఉపాయం. పొడుగు స్క్రూడ్రైవర్ కొన ఇంజన్ మీద ఆనించి, పిడి చెవి దగ్గర పెట్టుకోవాలి. డాక్టరు గొట్టం పెట్టి విన్నట్టు వినిపిస్తుంది. ధ్వని గాలిలో కన్నా ఉక్కులో చాలా వేగంగా పోతుందని ధ్వని పాఠంలో ఉంది కదా. ఎక్కడ గట్టిగా వినిపిస్తే అక్కడ తప్పు.

జాగ్రత్తలు

చున్నీ, జడ ముడివేసుకోవాలి. తిరిగే చైన్ దగ్గర, చక్రం దగ్గర చెయ్యి పెట్టకూడదు. సైలెన్సర్ కాలుతుంది. మూసిన గదిలో ఇంజన్ వేయకూడదు, ఆ పొగ ప్రాణం తీస్తుంది. ఘాట్ దిగేటప్పుడు న్యూట్రల్ చెయ్యకూడదు. నడిపే పరీక్ష లైసెన్సు ఉన్న పెద్దవాళ్ళే చెయ్యాలి. మనం విని చెప్పాలి.

మెకానిక్ దగ్గరికి పోవద్దని నేను అనడం లేదు. పోయినప్పుడు "బండి బాలేదు" అనకండి. "ఎక్కుడులో మోత పెరిగి వేగం రావడం లేదు, లివర్ వదులు చూశాం, సరిగానే ఉంది" అని చెప్పండి. అప్పుడు ఆయన కూడా సరిగ్గా చూస్తాడు, మన మేకలు మన దగ్గర ఉంటాయి.

ప్రశ్నలు

1. చేతి లివర్‌కి వదులు లేకపోతే ప్లేట్లు ఎందుకు మాడతాయి?
2. నిలబడినప్పుడు లేని శబ్దం నడిస్తే వస్తోంది. ఏమేమి చూస్తారు?
3. ఈసారి సెలవులకి ఇంటికి వెళ్ళి స్కేలుతో మీ బండి లివర్ వదులు కొలవండి. ఎంత వచ్చిందో రాసుకుని రండి.

ఇట్లు,
9వ తరగతి విద్యార్థిని