నౌపడాలో దిగిన బస్తాలు

చిరంజీవి మేనకోడలికి మావయ్య ఆశీర్వదించి రాయునది.

బరంపురం హాస్టల్ వైఫైలో చక్కగా నడిచిన బస్సు వేళల యాప్, గోపాల్‌పూర్ బీచిలో స్నేహితురాలి ఫోన్ డేటా మీద తెల్లమొహం వేసిందట. మొత్తం మళ్లీ రాద్దామని మీ జట్టు తీర్మానించిందట. ఆ తీర్మానం కొన్నాళ్లు పక్కన పెట్టించు.

పర్లాకిమిడి గంజాం జిల్లాలో ఉన్న రోజుల్లో, 1900లో, అక్కడి రాజావారు నౌపడా నుంచి వేయించిన రైలు పట్టాల వెడల్పు రెండున్నర అడుగులే. పెద్ద లైనులో వచ్చిన బస్తా నౌపడాలో దిగి చిన్న బండెక్కాల్సిందే. అలాగని పట్టాలు మారినప్పుడల్లా బస్తా విప్పి వడ్లు మళ్లీ కొలవలేదు కదా! కింద నెట్‌వర్క్ మారిందని మీ యాప్‌నీ మొత్తం విప్పనక్కర్లేదు.

నెట్‌వర్కుల వాళ్లకూ ఈ పట్టాలు మారే బాధ కొత్త కాదు. 1983 జనవరి 1న ఇంటర్నెట్‌కి ముందు రూపమైన అర్పానెట్ పాత ఎన్‌సీపీని వదిలి టీసీపీ/ఐపీకి మారింది. అదే ఏడు బర్క్‌లీ యూనిక్స్‌లో, ప్రోగ్రాము నెట్‌వర్కుతో మాట్లాడే సాకెట్ వచ్చింది. చిరునామా ఏ కుటుంబానిదో చెప్పే గడి అందులో మొదటి నుంచీ ఉంది. రేపు ఇంకో రకం నెట్‌వర్క్ రావచ్చునన్న ముందుచూపు అది. 1987లో ఆఫీసు నెట్‌వర్కుల నెట్‌బయోస్‌ని టీసీపీ/ఐపీ మీద నడిపే పద్ధతి ప్రమాణంగా వెలువడింది, ఆఫీసు ప్రోగ్రాములు మారకుండానే బతికాయి. ఐబీఎం వాళ్ల ఎనీనెట్ ఇంకా ముందుకెళ్లి, సాకెట్లకు రాసిన ప్రోగ్రాముని తమ సొంత నెట్‌వర్క్ పద్ధతి ఎస్‌ఎన్‌ఏ మీద నడిపించింది. అందమైన పనే, కానీ ఎక్కడ చూసినా టీసీపీ/ఐపీయే అయ్యాక దాన్ని పలకరించేవాళ్లు లేకపోయారు. మన దేశంలో విద్యా, పరిశోధన సంస్థల నెట్‌వర్క్ ఎర్‌నెట్ కూడా మొదట్లో టీసీపీ/ఐపీ, ఓఎస్‌ఐ రెండు పడవల మీదా కాళ్లు పెట్టింది. మీ వయసు వాళ్లకు నచ్చేది మాత్రం డూమ్ కథ. ఐపీఎక్స్ అనే లోకల్ నెట్‌వర్క్ పద్ధతి ఉన్న గదిలో ఆడుకోవడానికి చేసిన ఆ ఆటను, తొంభైల మధ్యలో కాలి అనే ప్రోగ్రాము ఇంటర్నెట్‌కి ఎక్కించింది. ఆట కోడ్ ముట్టుకోలేదు. ఇంటర్నెట్టే ఐపీఎక్స్ అని దాన్ని నమ్మించింది, అంతే.

ఇప్పుడు మీ యాప్ సంగతి. ఐపీవీ4 చిరునామాలు 429 కోట్లే. ఆసియా పసిఫిక్ వాటా 2011 ఏప్రిల్‌లోనే అడుగంటింది. 2016లో జియో వచ్చాక మన ఫోన్లలో దాని తర్వాతి తరం ఐపీవీ6 మామూలైపోయింది. ఐపీవీ6 మాత్రమే ఉన్న చోట పాత సర్వరును చేరాలంటే మధ్యలో ఎన్‌ఏటీ64 అనువాదకుడు ఉంటాడు. యాప్ సర్వరు పేరు అడిగితే, డీఎన్‌ఎస్64 ఆ పేరుకి ఐపీవీ6 రూపంలో చిరునామా తయారుచేసి ఇస్తుంది. మీ కోడ్‌లో సర్వరు చుక్కలతో విడదీసిన నాలుగు అంకెలుగా ఉంటే పేరు అడగడమే జరగదు, ఇక ఇచ్చేదెవరు? ఆండ్రాయిడ్‌లో 4.3 నుంచి ఉన్న 464ఎక్స్‌లాట్ ఫోన్‌లోనే అనువాదం చేసి ఈ తప్పు బయటపడకుండా కాపు కాస్తుంది. అందుకే మీ ఫోన్‌లో పనిచేసి పక్కవాళ్ల ఫోన్‌లో పనిచేయని చిత్రం. ఆపిల్ మాత్రం 2016 జూన్ నుంచి ఐపీవీ6 మీద నడవని యాప్‌ని తన దుకాణంలోకి రానివ్వడం లేదు. మొండితనమే అనిపించినా, మావయ్య ఓటు ఆపిల్‌కే.

ముందు కోడ్ మొత్తంలో చుక్కల అంకెలు వెతకండి, ఉన్న చోట పేరు పెట్టండి. సీ భాషలో రాసిన భాగంలో గెట్‌హోస్ట్‌బైనేమ్ కనిపిస్తే తీసేసి గెట్‌అడ్రిన్ఫో వాడండి. అది ఇచ్చిన చిరునామాలన్నీ వరసగా ప్రయత్నించాలి, మొదటిదానితో ఆగకూడదు. డేటాబేసులో చిరునామా గడి 15 అక్షరాలదైతే ఐపీవీ6 పట్టదు, 45 ఉంచండి. పోర్టు కోసం కోలన్ దగ్గర విరగ్గొట్టే లైను ఎక్కడో దాక్కుని ఉంటుంది. ఐపీవీ6 చిరునామా నిండా కోలన్లే కాబట్టి ఆ లైను దాన్ని ముక్కలు చేసి పెడుతుంది.

పరీక్షకు బీచి దాకా పోనక్కర్లేదు. మాక్ ఉన్నవాళ్లెవరైనా ఇంటర్నెట్ షేరింగ్‌ని ఆప్షన్ మీట నొక్కి తెరిచి, ఎన్‌ఏటీ64 నెట్‌వర్క్ తయారుచేసే ఎంపికను టిక్ చేస్తే ఆ నెట్‌వర్క్ గదిలోనే తయారవుతుంది. ఐఫోన్ ఒకటి, ఆండ్రాయిడ్ ఒకటి దానికి తగిలించి చూసి, తప్పు ఏ లైను దగ్గర పట్టుబడిందో మావయ్యకి రాయి.