ఉద్యోగము విడిచి నూనె గానుగ కొనదలచినవారికి

హైదరాబాదు, బెంగుళూరు కంపెనీలలో పది పన్నెండేండ్లు పనిచేసిన మన గ్రామముల బిడ్డలలో కొందరు ఆ కొలువు చాలించి, ఊరికి వచ్చి సొంత వ్యాపారము చేయవలెనని తలచుచున్నారు. కోళ్ల ఫారము, పాల డెయిరీ, పప్పు మిల్లు, ట్రాక్టరు పనిముట్ల అద్దె, ఇట్లు పలు ఆలోచనలు వచ్చుచుండును. వేరుశనగ పండు రాయలసీమ ప్రాంతములలో చాలమంది దృష్టి నూనె గానుగపై పడుచున్నది. పట్టణములలో గానుగ నూనెకు గిరాకి ఏర్పడుటయే ఇందుకు కారణము. ఆలోచన చెడ్డది కాదు. కాని ఇందులో పణముగా పెట్టునది యువకుని పొదుపు మాత్రమే కాదు. తండ్రి పేర నున్న నాలుగెకరముల భూమి కూడ తాకట్టులోనికి పోవచ్చును. అందుచేత గానుగను ఉదాహరణగా తీసికొని, రాజీనామా వ్రాయుటకు ముందు చూడవలసిన లెక్కలను ఇచ్చట వివరించుచున్నాము. కొడుకుగాని అల్లుడుగాని ఇట్టి ప్రస్తావన తెచ్చినప్పుడు ఇంటి పెద్దలును, సలహా కొరకు జనము తమ వద్దకు వచ్చినప్పుడు గ్రామాధికారులును కాగితము, పెన్సిలు దగ్గర పెట్టుకొని ఈ లెక్క కట్టి చూడవలెను.

నూరు కిలోల పప్పు లెక్క

మంచి కాయలు నూరు కిలోలు ఒలిచిన సుమారు 70 కిలోల పప్పు వచ్చును. పప్పులో నూనె 45 నుండి 50 శాతము వరకు ఉండును గాని గానుగ దానినంతను పిండలేదు. కొంత నూనె చెక్కలో నిలిచిపోవును. గానుగ బాగుగ ఉండి, ఆడించువాడు పని తెలిసినవాడైనచో నూరు కిలోల పప్పునకు 40 కిలోల నూనె దిగునని అనుకొనవచ్చును. లీటరు నూనె సుమారు 910 గ్రాములు తూగును గనుక ఇది 44 లీటర్లగును. చెక్క 57 కిలోలు, మిగిలినది తరుగు.

ధరలు ఊరూరికి, నెలనెలకు మారును. లెక్కకట్టు పద్ధతి తెలియుటకై మాత్రమే కొన్ని అంకెలను అనుకొందము. చదువరులు తమ ఊరి ధరలు వేసికొని తిరిగి కట్టుకొనవలెను. పప్పు కిలో రూ. 100 చొప్పున నూరు కిలోలకు రూ. 10,000. కూలి రూ. 1,200, కరెంటు రూ. 200, సీసాలు, లేబుళ్లు రూ. 350, రవాణా, దుకాణదారుని వాటా రూ. 650, మరమ్మతు, అద్దె రూ. 400. ఖర్చు మొత్తము రూ. 12,800. చెక్క కిలో రూ. 40 చొప్పున అమ్మగా వచ్చునది రూ. 2,280. జి.ఎస్.టి. పోను లీటరు రూ. 265 వచ్చుననుకొన్నచో నూనెకు రూ. 11,660. రాబడి రూ. 13,940. మిగులు దినమునకు రూ. 1,140. నెలలో 25 దినములు ఆడించి, ఆడించినదంతయు అమ్ముడుపోయినచో రూ. 28,500.

ఇప్పుడు ఒక్క అంకె మాత్రము మార్చి చూతము. నూనె 40 కిలోలకు బదులు 36 కిలోలు దిగినదనుకొందము. అప్పుడు ముప్పైతొమ్మిదిన్నర లీటర్లు మాత్రమే వచ్చును. చెక్క నాలుగు కిలోలు ఎక్కువ వచ్చును, సీసాల ఖర్చు కొంచెము తగ్గును. అవన్నియు కలుపుకొన్నను మిగులు దినమునకు సుమారు రూ. 200 మాత్రమే. అనగా నెలకు రూ. 5,000. నాలుగు కిలోల నూనె తేడాలో సంసారము గడచుటయో గడవకపోవుటయో ఉన్నది.

ఆ నాలుగు కిలోలు ఎక్కడ పోవును? రోలు, రోకలి అరిగి, వాటి నడుమ ఒత్తిడి తగ్గినచో చెక్కలో పోవును. పప్పులో తడి ఎక్కువైనను, మరీ ఎండినను పోవును. వర్షాభావమున కాయలు సరిగా ఊరక, పప్పు ముడుతలు పడిన సంవత్సరమున గానుగలో ఏ లోపము లేకున్నను పోవును. అనంతపురము ప్రాంతమున సాలుసరి వర్షము సుమారు 550 మిల్లీమీటర్లే గనుక ఇట్టి సంవత్సరములు వచ్చునని ముందే అనుకొని ఉండవలెను. కంపెనీలో పనిచేసినవారు ఈ తేడాను లెక్కల పుస్తకములో వెదకుదురు. అది చెక్కను చేతిలో నలిపి చూచినప్పుడు కనబడును.

యంత్రము ధర వేరు, వ్యాపారము ధర వేరు

గానుగ కొనదలచినవారు మొదట అడుగునది యంత్రము ధర. దానికి తగిన సొమ్ము చేతనున్నదని రాజీనామా ఇచ్చుచున్నారు. ఇచ్చటనే ఎక్కువమంది చిక్కుపడుదురు.

వేరుశనగ ఏడాది పొడుగున పండు పంట కాదు. ఖరీఫు కాయ అక్టోబరు, నవంబరులలో కళ్లమునకు వచ్చును. రబీ కాయ మార్చి, ఏప్రిలులలో వచ్చును. నూనె మాత్రము ప్రతినెల అమ్మవలెను. పై లెక్క ప్రకారము నెలకు రెండున్నర టన్నుల పప్పు కావలెను. కళ్లమువద్ద ధర సరసముగా ఉన్నప్పుడు ఆరు నెలల సరకు నిలువ చేయదలచినచో 15 టన్నులు, అనగా రూ. 15 లక్షలు. ఇది యంత్రములకు పెట్టిన సొమ్ముకంటె ఎక్కువ కావచ్చును. ఇది గాక పట్టణపు దుకాణములు సరకు తీసికొని నెల, నెలన్నరకు గాని డబ్బు ఇయ్యవు. నెల సరకు 1,100 లీటర్లు అరువు పోయినచో దాదాపు రూ. 3 లక్షలు బయట నిలిచిపోవును. చేత సొమ్ము లేనివాడు వేసవిలో వ్యాపారి అడిగిన ధరకు పప్పు కొనవలసివచ్చును. పంట దెబ్బతిన్న ఏడు గుజరాతు సరకుపై ఆధారపడవలసివచ్చును.

ఆ రూ. 15 లక్షలు అప్పు తెచ్చినచో, వడ్డీ నూటికి 11 అనుకొన్న నెలకు రూ. 13,750. మిగులునని మనము చెప్పిన రూ. 28,500లో దాదాపు సగము దానికే చెల్లును. అసలు సంగతి వేరే.

సరకు నిలువ చేయువారు పప్పుగా గాక కాయలుగానే నిలువ చేయవలెను. 15 టన్నుల పప్పునకు సుమారు 21 టన్నుల కాయలు కావలెను గనుక గోదాము కూడ అందుకు తగినంత ఉండవలెను. తేమ 8 శాతమునకు మించకుండ ఎండబెట్టి, బస్తాలను నేలపై గాక చెక్కబల్లలపై, గోడలకు ఎడముగా పేర్చవలెను. తడిసిన కాయలకు పట్టు బూజువలన అఫ్లాటాక్సిన్ అను విషము పుట్టును. గానుగ నూనెను రిఫైను చేయము గనుక, బూజు పట్టిన పప్పును ఏరివేయుట తప్ప దానికి మందు లేదు. విషములో అధిక భాగము చెక్కలోనికి పోవును. ఆ చెక్క తిన్న గేదె పాలలో కూడ దాని అంశము వచ్చును. చెక్కను కొనువారు మన ఊరి పాడి రైతులే.

నూనె ధర సంగతి కూడ మన చేతిలో లేదు. విదేశపు పామాయిలు, సోయా, పొద్దుతిరుగుడు ముడినూనెలపై కేంద్ర ప్రభుత్వము 2024 సెప్టెంబరులో 20 శాతము మూల సుంకము విధించి, 2025 మేలో దానిని 10 శాతమునకు తగ్గించినది. గానుగ నూనె కొనువారు వేరనుట కొంతవరకు నిజమే. కాని పక్క సీసా ధర బాగా తగ్గినప్పుడు వారిలోను కొందరు మరలిపోవుదురు.

నడచుచున్న గానుగను కొనునప్పుడు

కొత్తది పెట్టుటకంటె నడచుచున్న గానుగను కొనుట మేలని కొందరందురు. అమ్ముడు ఉన్నది, పనివారు ఉన్నారు, నిజమే. అయితే అమ్మువాడు చెప్పు మాటలకంటె కరెంటు బిల్లులు నిజము చెప్పును. ఒక దినము మీటరు చూచి, నూరు కిలోల పప్పు ఆడించుటకు ఎన్ని యూనిట్లు కాలునో తెలిసికొనవలెను. 25 యూనిట్లు కాలినదనుకొందము. నెలకు రెండున్నర టన్నులు ఆడించుచున్నామని చెప్పువాని బిల్లు 600 యూనిట్లు దాటవలెను. 250 యూనిట్లే ఉన్నచో అచ్చట ఆడినది ఒక్క టన్ను మాత్రమే. మూడేండ్ల బిల్లులను, జి.ఎస్.టి. రిటర్నులను, బ్యాంకు ఖాతాను పక్కపక్కన పెట్టి చూడవలెను. చూపుటకు సంశయించువాని వద్ద కొనకుండుటయే మంచిది.

పాత బకాయి ఉన్నదేమో కూడ అడుగవలెను. పాత యజమాని కరెంటు బకాయిని చెల్లించినగాని కొత్తవానికి కనెక్షను ఇయ్యమని సరఫరా సంస్థలు నిబంధన పెట్టుట చెల్లునని 2023లో సుప్రీంకోర్టు తీర్పు చెప్పినది. పంచాయతీ పన్ను, బ్యాంకు తాకట్టు సంగతులు కూడ ఇట్లే. ఈ.సి. తీయించి చూడవలెను. స్థలము వ్యవసాయేతర వినియోగమునకు మారినదో లేదో రెవెన్యూ కార్యాలయమున విచారించవలెను. గ్రామాధికారులు చేయగల మేలు ఇచ్చట చాల ఉన్నది. సర్వే నంబరు చూచి ఒక్క మాట చెప్పినచో ఒక కుటుంబము కోర్టు చుట్టు తిరుగకుండ కాపాడినవారగుదురు. ఆహార భద్రతా లైసెన్సు పాతవాని పేర ఉన్నంతమాత్రమున చాలదు. కొన్నవాడు తన పేర తీసికొనవలెను. 2011 నాటి నిబంధనల ప్రకారము, రాష్ట్ర ప్రభుత్వము మినహాయించిన చోట తప్ప, వంటనూనెను ప్యాకు చేయక విడిగా అమ్మరాదు.

ఇవన్నియు చూచిన తరువాత, సెలవు పెట్టి పంటకాలమున రెండు వారములు ఆ గానుగవద్ద కూర్చుండవలెను. లోనికి పోవు పప్పును, బయటకు వచ్చు నూనెను, చెక్కను స్వయముగా తూచవలెను. వచ్చు ఖాతాదారులు గానుగను చూచి వచ్చుచున్నారా, ఆ యజమాని బంధుత్వమును చూచి వచ్చుచున్నారా అనునది కూడ అప్పుడే తెలియును. తాడేపల్లి పసుపు రైతు కుమారుడైన డాక్టరు కల్లం అంజిరెడ్డి 1984లో డాక్టర్ రెడ్డీస్ కంపెనీ స్థాపించుటకు ముందు ఐ.డి.పి.ఎల్.లోను, ఆ తరువాత వేరు మందుల కంపెనీలలోను పనిచేసియే ఉన్నారు. ఆయన ఉద్యోగము విడిచినారని అందరు చెప్పుకొందురు గాని, విడువకముందు చేసిన పనియు మందుల తయారీయే అను మాట మరతురు.

కంపెనీనుండి రావలసినవి

ఐదేండ్లు నిండిన ఉద్యోగికి ఏడాదికి 15 దినముల వేతనము చొప్పున గ్రాట్యుటీ వచ్చును. భవిష్యనిధి పింఛనునకు పదేండ్ల సర్వీసు కావలెను. తొమ్మిదవ ఏట నున్నవాడు ఒక్క ఏడాది ఆగుట మేలు. కంపెనీ ఇచ్చిన ఆరోగ్య బీమా ఉద్యోగముతోనే పోవును. ఇంట వృద్ధులు, మధుమేహము గలవారు ఉన్నచో, పాత వ్యాధులకు వేచియుండు గడువు మూడేండ్ల వరకు ఉండవచ్చును గనుక, ఉద్యోగములో ఉండగానే కుటుంబమునకు విడిగా పాలసీ తీసికొనవలెను. జీతపు చీటీ చూపి తెచ్చిన సొంత అప్పును గానుగలో పెట్టరాదు. జీతము ఆగినను ఆ కంతు ఆగదు.

భూమి తాకట్టు విషయమున మా అభిప్రాయము స్పష్టముగా చెప్పుచున్నాము: మొదటి రెండు పంటకాలములు గడచువరకు తండ్రి భూమిని ఈ వ్యాపారమునకు హామీ పెట్టరాదు. చిన్న పరిశ్రమలకు రూ. 10 లక్షల వరకు ఆస్తి హామీ కోరరాదని రిజర్వు బ్యాంకు 2010లో బ్యాంకులను ఆదేశించినది. ఈ సంగతి మేనేజరుకు గుర్తుచేయుటలో తప్పు లేదు. 2020లో కేంద్ర ప్రభుత్వము ప్రారంభించిన సూక్ష్మ ఆహార పరిశ్రమల పథకమున 35 శాతము, గరిష్ఠముగా రూ. 10 లక్షలు సబ్సిడీగా పెట్టిరి. కాని అది చేతికి వచ్చు సొమ్ము కాదు. అప్పు ఖాతాలో ఉండి, మూడేండ్లు యూనిటు నడిచి, కంతులు సరిగా కట్టిన తరువాత జమకట్టబడును. సబ్సిడీని చూచి గానుగ పెట్టువారు దీనిని ముందే తెలిసికొనవలెను.

మొదటి ఏడు ఎట్లు నడపవలెను

తక్కువ సొమ్ముతో దిగువారికి కూలి ఆడింపు మంచి మార్గము. రైతు తన పప్పు తానే తెచ్చుకొని, కిలోకు ఇంత అని కూలి ఇచ్చి, నూనె తీసికొనిపోవును. కొన్నిచోట్ల కూలికి బదులు చెక్కను వదలివేయుటయు కలదు. ఇందులో లాభము తక్కువే. కాని సరకు కొను పని లేదు, అరువు లేదు, నిలువ లేదు. పలువురి పప్పు ఆడుటవలన ఏ ఊరి కాయ ఎంత దిగునో ఏడాదిలో చేతికి తెలియును. ఆ తరువాత మిగిలిన సొమ్ముతో కొద్దికొద్దిగా సొంత సరకు పెంచుకొనవచ్చును. భార్యాభర్తలిరువురు ఉద్యోగస్థులైనచో ఈ రెండేండ్లు ఒకరు కొలువులో ఉండుట మంచిది. గానుగ లెక్కలో యజమాని కూలి కూడ ఒక పద్దుగా వ్రాయవలెను. అది వ్రాయనివానికి లేని లాభము కనబడుచుండును.

క్రయపత్రమున రెండు సంగతులు చేర్చించవలెను. మంచిపేరుతో సహా వ్యాపారమును అమ్మినవాడు ఇంత పరిధిలో అట్టి వ్యాపారమే తిరిగి పెట్టనని ఒప్పుకొనుట, ఆ హద్దులు సమంజసమైనవైనచో, 1872 నాటి కాంట్రాక్టు చట్టము ప్రకారము చెల్లును. ఈ మాట వ్రాయించనిచో, ఆరు నెలలకు అదే వీధిలో అతని బావమరిది గాక అతడే మరొక గానుగ పెట్టినను అడుగుటకు ఆధారముండదు. ఇక రెండవది, కాటాలు, తూనికరాళ్లు ఏవేవి అప్పగించుచున్నారో పట్టీ వ్రాయించి, వానిపై తూనికలు కొలతల శాఖవారి ముద్ర గడువు ఎప్పటివరకు ఉన్నదో చూచుకొని సంతకము చేయవలెను.