ఎర్ర నేలల నీటి కుంటలకు పిచికారీ కాంక్రీటు పూత

రాయలసీమలోని తేలికపాటి ఎర్ర నేలల్లో తవ్విన కుంటలలో వాన నీరు ఎక్కువ కాలం నిలువక ఇంకిపోతుంది. వేరుశనగ ఊడలు దిగే దశలో బెట్ట ఏర్పడే నాటికి కుంట ఎండిపోవచ్చు. అడుగుకు, వాలులకు పిచికారీ కాంక్రీటు పూత వేసి ఈ నష్టాన్ని బాగా తగ్గించవచ్చు.

పైభాగం 10×10 మీటర్లు, లోతు 2.5 మీటర్లు, వాలు 1.5:1 (అడ్డం:నిలువు) గల కుంటలో సుమారు 109 ఘనపు మీటర్ల నీరు పడుతుంది. ఎకరానికి 25 మి.మీ. తడి ఇవ్వడానికి 101 ఘనపు మీటర్లు కావాలి. అనగా నిండు కుంట ఎకరానికి ఒక్క రక్షక తడికే సరిపోతుంది. కొంత ఇంకినా ఆ తడి పూర్తి కాదు. పూత వేయవలసిన వైశాల్యం సుమారు 119 చదరపు మీటర్లు. 5 సెం.మీ. మందానికి, వృథా కాక, 6 ఘనపు మీటర్ల కాంక్రీటు అవసరమగును.

ముందుగా వాలులను చదును చేసి, దిమ్మిస చేసి, తడిపి, ఇనుప జాలీని మట్టికి తగలకుండా అమర్చాలి. పొడి పద్ధతిలో సిమెంటు, ఇసుక, సన్న కంకర మిశ్రమం గాలి ఒత్తిడితో గొట్టంలో ప్రయాణించి, నాజిల్ వద్ద నీటితో కలుస్తుంది. నాజిల్‌ను ఉపరితలానికి లంబంగా, సుమారు ఒక మీటరు దూరంలో ఉంచాలి. తాకి వెనక్కి రాలిన మిశ్రమంలో కంకర, ఇసుక పాళ్లు ఎక్కువ, సిమెంటు తక్కువ. దానిని తిరిగి వాడరాదు. పూతను కనీసం 7 రోజులు తడిగా ఉంచాలి. లేనిచో పగుళ్లు ఏర్పడి, వ్యయమంతా వృథా అవుతుంది.

ఉబ్బి కుంచించుకునే నల్లరేగడి నేలల్లో ఈ పలుచని పూత పగులుతుంది. పూత ఇంకుడును అరికడుతుందే గాని ఆవిరిని ఆపదు. కావున బెట్ట తొలి లక్షణాలు కనిపించగానే తడి ఇవ్వడం శ్రేయస్కరం. యంత్రం అందుబాటులో లేని చిన్న రైతులకు 6:1 నిష్పత్తిలో మట్టి, సిమెంటు పూత అనువైన ప్రత్యామ్నాయం.