ఆటలో వచ్చిన స్పెల్లింగు పరీక్షలో వస్తుందా?

2024 నవంబరులో స్పెయిన్‌లోని గ్రనాడా నగరంలో స్పానిష్ స్క్రాబుల్ ప్రపంచ పోటీలు జరిగాయి. గెలిచింది న్యూజిలాండ్‌లో పుట్టిన నైజెల్ రిచర్డ్స్. 24 ఆటల్లో ఒక్కటే ఓడిపోయారు. చిత్రమేమిటంటే ఆయనకు స్పానిష్ రాదు. 2015లో ఫ్రెంచి పోటీ గెలిచినప్పుడూ అంతే, ఆ భాషా రాదు. మాటకు అర్థం ఏమిటన్నది ఆయనకు అనవసరం. అక్షరాల వరస గుర్తుంటే చాలు, పలకలు పేర్చేస్తారు.

ఉద్యోగాల వేటలో ఉన్నవాళ్లకు ఈ కబురులో రెండు సంగతులున్నాయి. మాట్లాడటం వస్తే స్పెల్లింగు దానంతటదే వచ్చి ఒళ్లో వాలదు, విడిగా సాధన చేయాలి. అదొకటి. రెండోది ఇంకా ముఖ్యం. ఆట ఏది అడిగితే మనకు అదే వస్తుంది, అంతకు మించి రాదు. స్క్రాబుల్ అర్థం అడగదు, కాబట్టి రిచర్డ్స్‌కు అర్థంతో పని పడలేదు. ఫోనులో రోజూ అరగంట వర్డ్ గేమ్ ఆడి ‘స్పెల్లింగు బాగుపడుతుందిలే’ అనుకునేవాళ్లు ముందు చూసుకోవాల్సింది ఇదే: నా ఆట నన్నేం అడుగుతోంది, నా పరీక్ష ఏం అడగబోతోంది?

పరీక్షలన్నీ ఒకేలా అడగవు. ఎస్‌ఎస్‌సి సీజీఎల్ టైర్-1లో ఇంగ్లిష్‌కు 25 ప్రశ్నలు, 50 మార్కులు. అందులో వచ్చే స్పెల్లింగు ప్రశ్నలో నాలుగు మాటలిచ్చి సరైనదాన్నో, తప్పున్నదాన్నో పట్టుకోమంటారు. తప్పు జవాబుకు అర మార్కు కోత. ఐఈఎల్‌టీఎస్ లిజనింగ్‌లో 40 ప్రశ్నలు. అక్కడ ఆప్షన్లు లేని ఖాళీల్లో విన్న మాటను మీరే రాయాలి. జవాబు తెలిసినా స్పెల్లింగు తప్పితే సున్నా. కంప్యూటర్ మీద రాసినా ఎర్ర గీత గీసి హెచ్చరించే స్పెల్‌చెక్ ఉండదు. సీహెచ్ఎస్ఎల్ టైపింగ్ పరీక్షలో నిమిషానికి 35 ఇంగ్లిష్ మాటల వేగం కావాలి. పట్టుకోవడం, విని రాయడం, చూసి వేగంగా కొట్టడం. మూడింటినీ స్పెల్లింగనే అంటాం కానీ ఒకటి వచ్చినంత మాత్రాన ఇంకోటి రాదు.

ఉద్యోగంలో చేరాక సంగతి మరీ సున్నితం. మన దగ్గర ఫార్మసీ, లైఫ్ సైన్సెస్ చదివి మెడికల్ కోడింగ్‌లోకి వెళ్లేవాళ్లు ఎందరో ఉన్నారు. చెవికి ‘ఇలియం’ అని ఒకేలా వినిపించే మాటలు రెండున్నాయి. ఎల్ తర్వాత ఐ వస్తే అది తుంటి ఎముక భాగం. ఇ వస్తే చిన్నపేగు చివరి భాగం. ఒక్క అక్షరం తేడాతో రోగి కడుపులోంచి తుంటిలోకి వెళ్లిపోతాం. సాఫ్ట్‌వేర్ వాళ్లు మాకేం అనుకోనక్కర్లేదు. బ్రౌజరు తాను ఏ పేజీ నుంచి వచ్చిందో సర్వరుకు చెప్పే ‘రెఫరర్’ అనే హెడర్‌లో ఒక ఆర్ తగ్గింది. 1996లో ఆ తప్పు అలాగే ప్రమాణపత్రంలోకి ఎక్కేసింది. ప్రపంచమంతా ఇవాళ్టికీ దాన్ని తప్పుగానే టైప్ చేయాలి, సరిగా రాస్తే పనిచేయదు!

ఇప్పుడు ఆటల దగ్గరికి వద్దాం. అందరికీ తెలిసిన వర్డిల్‌నే చూడండి. జాష్ వార్డిల్ 2021లో జనంలోకి వదిలిన ఈ ఆటను 2022 జనవరిలో న్యూయార్క్ టైమ్స్ కొనేసింది. ఐదక్షరాల మాట, ఆరు అవకాశాలు. ఏ అక్షరం పక్కన ఏది కూర్చుంటుందో కంటికి అలవాటు చేయడంలో దీనికి సాటి లేదు. కానీ మాటను వినిపించదు. పైగా అమెరికన్ స్పెల్లింగు. 2022 ఫిబ్రవరిలో ఒకరోజు ‘హ్యూమర్’ జవాబుగా వచ్చేసరికి, చివర ఒయుఆర్ రాసే బ్రిటిష్ ఆటగాళ్లు గగ్గోలు పెట్టారు. మన బడి పుస్తకాలదీ బ్రిటిష్ బాణీయే. ఐఈఎల్‌టీఎస్ రెండు పద్ధతులనూ ఒప్పుకుంటుంది కాబట్టి అక్కడ ఇబ్బంది లేదు, మిగతా చోట్ల ఒళ్లు దగ్గర పెట్టుకోవాలి. న్యూయార్క్ టైమ్స్‌దే స్పెల్లింగ్ బీ అనే ఇంకో ఆట ఉంది. తేనెపట్టులా ఏడక్షరాలిచ్చి, నడిమి అక్షరం తప్పనిసరిగా ఉండేలా మాటలు కట్టమంటుంది. పదసంపదకు భేషైన ఆట. స్పెల్లింగుకు మాత్రం అంతంతే, ఎందుకంటే అక్షరాలు ముందే మీ చేతిలో పెట్టేసింది.

నాలుగు ఆప్షన్లలో ఒకటి నొక్కించే క్విజ్ ఆటలు ఎస్‌ఎస్‌సి ప్రశ్నకు దగ్గరగానే ఉంటాయి. అయితే వాటిలో ఒక చిక్కుంది. తప్పు స్పెల్లింగులను పదే పదే చూస్తే కళ్లకు అవే నిజమనిపించడం మొదలవుతుంది. 1990లో జాకబీ, హాలింగ్స్‌హెడ్ అనే పరిశోధకులు దీని మీద అధ్యయనం చేసి, విద్యార్థుల వ్యాసాలు చదివితే మీ స్పెల్లింగుకే ముప్పు రావచ్చునన్న అర్థంలో తమ పత్రానికి పేరు పెట్టారు. పేపర్లు దిద్దే మాస్టార్లకు ఈ మాట విడమరిచి చెప్పక్కర్లేదు. కాబట్టి ఆప్షన్ల ఆట పరీక్షకు ముందు నెలలో చాలు, దానితో మొదలుపెట్టకండి.

నా ఓటు విని టైప్ చేయించే ఆటలకు. అమెరికాలో స్క్రిప్స్ స్పెల్లింగ్ బీ అనే పోటీకి వెళ్లే పిల్లలు సాధన చేసేది ఇలాగే. స్పెల్‌పండిట్ లాంటి సైట్లలో మాట వినిపిస్తుంది, టైప్ చేయాలి, వెంటనే తప్పో ఒప్పో తేలిపోతుంది. 2024 ఫైనల్లో నల్గొండ మూలాలున్న బృహత్ సోమ 90 సెకన్ల పోరులో 29 మాటలు సరిగ్గా చెప్పి గెలిచాడంటే ఆ వేగం జాబితాలు చదివితే వచ్చేది కాదు. చదవడం, గుర్తు తెచ్చుకోవడం ఒకటి కావని 2006లో రోడిగర్, కార్పికే చూపించారు. పాఠాన్ని మళ్లీ మళ్లీ చదివినవాళ్లు ఐదు నిమిషాల తర్వాత పెట్టిన పరీక్షలో ముందున్నారు. వారం తర్వాత చూస్తే, మధ్యలో పుస్తకం మూసి గుర్తున్నది రాసినవాళ్లదే పైచేయి. డువోలింగోలో కూడా పలకలు నొక్కే పద్ధతి మార్చి కీబోర్డు పెట్టుకునే వీలుంది. పాటల్లో ఖాళీలు నింపించే లిరిక్స్‌ట్రైనింగ్‌లో ఎంచుకునే పద్ధతీ ఉంది, రాసే పద్ధతీ ఉంది. ఎప్పుడూ రెండోదే పట్టుకోండి. ఆడే ముందు ఫోనులో ఆటోకరెక్ట్ ఆపేయండి. అది ఉన్నంతసేపూ సాధన చేస్తున్నది ఫోను, మీరు కాదు.

ఇక తెలుగు చెవికి ఇంగ్లిష్ ఎక్కడ దెబ్బకొడుతుందో చూద్దాం. మనది పలికినట్టే రాసే అలవాటు. ఒత్తు రాస్తే ఒత్తి పలుకుతాం, పలకకపోతే రాయం. ఇంగ్లిష్‌లో జంట అక్షరాలు చెవికి తగలవు. ‘అకామడేషన్’లో రెండు సిలు, రెండు ఎంలు. ‘ఎంబరాస్’లో రెండు ఆర్‌లు, రెండు ఎస్‌లు. ‘కమిటీ’లో ఎం, టి, ఇ మూడూ జంటలే. మన నోట ఒక్క ఒత్తూ లేదు కాబట్టి చేతికీ రాదు. మన పలుకుబడి నేరుగా ముంచే మాటలు మరికొన్ని. ‘ప్రొనౌన్స్’ నుంచి ‘ప్రొనౌన్సియేషన్’ అని లాక్కొచ్చి మధ్యలో ఒక ఒ అదనంగా రాస్తాం. ‘మెయింటైన్’ నుంచి ‘మెయింటెనెన్స్’కు వెళ్తూ నడుమ ఎఐని మోసుకుపోతాం. అన్నీ నష్టాలే కావు. ‘సెపరేట్’ మధ్యలో ఎ రాయాలా, ఇ రాయాలా అని ఇంగ్లిష్ వాళ్లే తడబడతారు. మనం ‘ప’ అని విప్పి పలుకుతాం కనుక ఎ దానంతటదే పడుతుంది.

ఐఈఎల్‌టీఎస్ మొదటి భాగంలో పేరునో, వీధి పేరునో అక్షరం అక్షరం చెప్పి రాయమంటారు. జి, జె, జెడ్ మనకు అక్కడే కలిసిపోతాయి. చెప్పేది అమెరికన్ గొంతయితే జెడ్‌ను ‘జీ’ అంటారు, మనవాళ్లు జి రాసేస్తారు. దీనికి మంచి ఆట ఏ యాప్‌లోనూ వెతకొద్దు. స్నేహితులిద్దరు ఫోనులో ఒకరికొకరు ఊరూ పేరూ లేని ఇంటిపేర్లు అక్షరాలుగా చెప్పుకుని రాసుకుంటే వారంలో చెవి తేరుకుంటుంది.

ఇంతదాకా ఇంగ్లిష్ సంగతి. స్పానిష్ కథ వేరు. 20 దేశాల అధికార భాష. అమెరికాలో ఇంట్లో స్పానిష్ మాట్లాడేవాళ్లే 4 కోట్లకు పైన. ఆ కస్టమర్లకు జవాబు చెప్పేందుకు, వాళ్ల భాషలో వచ్చిన పోస్టులను పరిశీలించేందుకు, యాప్‌లను స్పానిష్‌లోకి మార్చేందుకు హైదరాబాద్ కంపెనీలు ప్రకటనలిస్తుంటాయి. లిపి విషయంలో ఆ భాష మనకు చుట్టమే. రాసినట్టే పలుకుతారు. త, ద, ప అచ్చంగా మనవే. ఎన్ మీద అల గీత ఉన్న అక్షరం మన ఞ. ఇంగ్లిష్‌లోలా జంట అక్షరాల బెడద కూడా తక్కువ. సి, ఆర్, ఎల్, ఎన్ తప్ప వేరే హల్లులు జంటగా రావు. ‘కరోలినా’ అనే పేరులోని హల్లులని గుర్తు పెట్టుకుంటే సరి.

వలలు మాత్రం ఉన్నాయి. బి, వి రెండింటికీ ఒకటే పలుకు. హెచ్‌కు అసలు పలుకే లేదు. ‘ఓలా’ ముందు హెచ్ ఉంటే పలకరింపు, తీసేస్తే సముద్రపు అల. అసలు చిక్కు అచ్చుల మీది గీతతో. ‘పాపా’ చివరి అచ్చు మీద గీత ఉంటే నాన్న, లేకపోతే బంగాళాదుంప. ‘ఆబ్లో’కు గీత లేకపోతే నేను మాట్లాడతాను, ఉంటే ఆయన మాట్లాడారు. వయసు చెప్పేటప్పుడు ఎన్ మీది అల మరిచిపోతే ఆ వాక్యం రెజ్యూమెలో ఉండదగ్గది కాదు, వివరం ఇక్కడ రాయదగ్గదీ కాదు. ఆటలు చేతులెత్తేసేది సరిగ్గా ఇక్కడే. వర్డిల్ స్పానిష్ రూపంలో ఞకు ప్రత్యేక మీట ఉంది, అచ్చుల మీది గీతలకు లేదు. స్పానిష్ స్క్రాబుల్ పలకల మీదా గీతలుండవు. డువోలింగోలో గీత మరిచిపోతే ‘గీతలు చూసుకో’ అని మెత్తగా మందలించి ఒప్పు కింద వేసేస్తుంది. నెలల తరబడి ఇలా ముద్దుగా ఆడినవాళ్లు రాత పరీక్షలో బోల్తా పడతారు. అమెరికాలో 2011 నుంచి జరుగుతున్న జాతీయ స్పానిష్ స్పెల్లింగ్ బీలో పిల్లలు గీత ఎక్కడుందో కూడా నోటితో చెప్పి తీరాలి. మీరూ ఆ కట్టుబాటు పెట్టుకోండి. ఆట ఒప్పుకున్నా మీరు ఒప్పుకోవద్దు. ఫోనులో అచ్చు మీట నొక్కి పట్టుకుంటే గీతలున్న రూపాలు పైకి వస్తాయి. కంప్యూటరులో యూఎస్ ఇంటర్నేషనల్ కీబోర్డు పెట్టుకుని, అపోస్ట్రఫీ కొట్టి అచ్చు కొడితే సరిపోతుంది. సూత్రం చిన్నదే. అచ్చుతోనో, ఎన్, ఎస్‌లతోనో ముగిసే మాటకు చివరి నుంచి రెండో సిలబుల్ మీద ఊనిక, మిగతావాటికి చివరిదాని మీద. ఆ లెక్క తప్పిన చోట గీత పడుతుంది. అనుమానం వస్తే స్పానిష్ రాయల్ అకాడమీ నిఘంటువు ఆన్‌లైన్‌లో ఉచితంగానే ఉంది.

రెండు భాషలూ ఒకేసారి సాధన చేసేవాళ్లకు ఒక హెచ్చరిక. స్పానిష్ కాస్త చేతికి అలవాటయ్యాక ఇంగ్లిష్ స్పెల్లింగు పాడవ్వొచ్చు. ‘ప్రొఫెసర్’, ‘పాసిబుల్’, ‘కమిషన్’ మూడింటికీ స్పానిష్‌లో ఒకే ఎస్. ‘ఇమీడియట్’లోని జంట ఎం అక్కడ ఎన్, ఎంలుగా విడిపోతుంది. ‘ఫొటోగ్రఫీ’ పిహెచ్ కాస్తా ఎఫ్ అవుతుంది. వీటిని భయపడి వేరు చేయకుండా జంటలుగానే ఆడండి. సొంతంగా ఫ్లాష్‌కార్డులు చేసుకునే యాప్ ఏదైనా తీసుకుని, ఇంగ్లిష్ మాట వినిపించగానే రెండు స్పెల్లింగులూ టైప్ చేసేలా పెట్టుకోండి. తప్పిన మాటలను నోట్‌బుక్కులో రాసుకునేటప్పుడు మీరు చేసిన తప్పును ఎక్కించకండి. సరైన రూపమే రాసి, తడబడిన అక్షరం కింద గీత గీయండి. రోజుకు పావుగంట చాలు. ఆట మిమ్మల్ని కూర్చోబెట్టే గంటలో మిగతా ముప్పావుగంట లీగులకూ, బ్యాడ్జీలకూ పోతుంది.

స్పానిష్‌ను కెరీర్‌గా తీసుకునేవాళ్లకు హైదరాబాద్‌లోనే ఇఫ్లూ విశ్వవిద్యాలయం ఉంది. సర్టిఫికెట్ కావాలంటే ఇన్‌స్టిట్యూటో సెర్వాంటెస్ ఇచ్చే డెలే జీవితకాలం చెల్లుతుంది. కంప్యూటర్ మీద రాసే సియెలె అనే పరీక్ష కూడా ఉంది. కంపెనీలు తరచూ అడిగేది బి2 స్థాయి. ‘డువోలింగో 400 రోజుల స్ట్రీక్’ అని రెజ్యూమెలో రాసుకుంటే దానికి విలువ కట్టడం ఎవరికీ తెలియదు. ఆ వరస కొట్టేసి పరీక్ష పేరు, స్థాయి, సంవత్సరం రాయండి. చాట్ సపోర్ట్ ఉద్యోగమైతే ఇంటర్వ్యూలో ఒక కస్టమర్ ఫిర్యాదు ఇచ్చి అక్కడికక్కడే స్పానిష్‌లో జవాబు టైప్ చేయమనొచ్చు. వెళ్లేముందు వారం రోజులు ఆటలు పక్కన పెట్టి, అలాంటి జవాబులే గీతలతో సహా, టైమర్ పెట్టుకుని రాయండి.