నూనెకుండయు బాకీల పుస్తకమును

పాఠ్యభాగము: 2 రాజులు 4:1–7



ఎలీషా దినములలో జరిగిన యీ సంగతిని మనము అద్భుతముగానే చదువుట వాడుక. చిన్న కుండెడు నూనె, ఇరుగుపొరుగువారి నడిగి తెచ్చిన వట్టి పాత్రలు, పోసినను తరుగని ధార, ఇవి సండేస్కూలు పిల్లలు సహితము ఎరిగినవే. ఈ నెల దీనిని అప్పుల కథగా చదువుదము. ఏలయనగా మొదటి వచనములోనే అప్పులవాడు కనబడుచున్నాడు. అతడు అడుగుచున్నది ధాన్యము కాదు, గొడ్డు కాదు, ఆమె యిద్దరు కుమారులను.

చనిపోయినవాడు త్రాగుబోతని గాని జూదరి యని గాని వ్రాయబడలేదు. ప్రవక్తల శిష్యులలో నొకడు, భయభక్తులు గలవాడు. ఇది అతని భార్య చెప్పిన సాక్ష్యము. ఊరివారి పొగడ్తకంటె భార్య సాక్ష్యము బరువైనది. అట్టివాడును అప్పు విడిచి పోయెను. ఎందుకు చేసెనో వాక్యము చెప్పలేదు గనుక మనము కల్పింపరాదు. అతడు బ్రదికియుండగా ఆ బాకీ ఆమెకు తెలిసియుండెనో లేదో, అదియు చెప్పలేదు.

మన గ్రామములలో చూచుచున్నది మాత్రము చెప్పగలను. మగవాడు ఎరువుల దుకాణములో కొంత, పత్తి వ్యాపారియొద్ద కొంత బాకీపడి, మరియొకచోట నోటు వ్రాసియిచ్చును. ఇల్లాలు డ్వాక్రా సంఘములో అప్పు తీసికొని, కమ్మలు కుదువబెట్టి, ఆ చీటి బియ్యపు డబ్బాలో దాచును. ఒకరి బాకీ యొకరికి తెలియదు. ఇద్దరును కలిసి కుటుంబ ప్రార్థన చేయుదురు గాని లెక్క కలిసి చేయరు. మగవాడు హఠాత్తుగా పోయిన యింట, దినములు వెళ్లకమునుపే నోట్లు ఒక్కొక్కటిగా వాకిటికి వచ్చును. అప్పుడు ఏది నిజమో ఏది అబద్ధమో ఆమె యెట్లెరుగును?

ఎలీషా ఆమెను మొదట అడిగినది ఆమె యింట నున్నదాని గూర్చియే. ఆమె ఏమియు లేదనెను, అంతలోనే నూనె సంగతి తలంచుకొనెను. కష్టములో నున్నవారికి ఇల్లు వట్టిదిగానే కనబడును, అందుచేతనే వ్రాసి చూడవలెను. పది రూపాయల నోటుపుస్తకము చాలును. ఒక ప్రక్క మనకున్నవి: గొఱ్ఱెలు, కోళ్లు, పాల డబ్బు, కూలి, మనకు రావలసిన బాకీలు. ఎదుటి ప్రక్క మనమియ్యవలసినవి: ఎవరికి, ఎంత, ఏ తేదీని తెచ్చినది, ఎంత వడ్డీకి. భార్యాభర్తలిద్దరును కూర్చుండి చెప్పవలెను, బడికి పోవు బిడ్డ వ్రాయవలెను. ఆ విధవరాలి కుమారులు పాత్రలందించిరి గదా. పెద్దబిడ్డలకు ఇంటి స్థితి తెలియుట వలన కీడు లేదు. తలుపు మూసికొనియే ఆ పని చేసిరనుటయు గమనింపదగినది. లెక్క ఇంటిలోనివారికి తెలియవలెను, వీధికి తెలియనక్కరలేదు.

వడ్డీ దగ్గర కొంచెము ఆగుదము. మూడు రూపాయల వడ్డీ యనగానే చిన్న మాటగా వినబడును. నూటికి నెలకు మూడు చొప్పున 50,000 రూపాయలకు నెలకు 1,500, ఏడాదికి 18,000. మూడేండ్లు వడ్డీ మాత్రమే కట్టిన యెడల 54,000 పోవును, అసలు కదలకుండ నట్లేయుండును. నెహెమ్యా 5వ అధ్యాయములో పొలములును ద్రాక్షతోటలును తాకట్టుపెట్టి, బిడ్డలను దాసులుగా అప్పగించిన బీదలు మొఱ్ఱపెట్టగా, అతడు ప్రధానులతో పుచ్చుకొన్న నూరవ భాగమును తిరిగి యిచ్చివేయుమని చెప్పెను. అది నెలకు నూటికి ఒకటియని వ్యాఖ్యానకర్తలు అనేకులు గ్రహించుచున్నారు. అట్లైన మన భాషలో అది రూపాయి వడ్డీ! నెహెమ్యాకు కోపము పుట్టించినది రూపాయి వడ్డీ యైతే, అయిదు రూపాయల వడ్డీని గూర్చి ఏమందుము? వడ్డీకిచ్చువారు మన బల్లల మీదను కూర్చుండుచున్నారు. వారు నిర్గమకాండము 22:25 ఇంటికి పోయి చదువుకొందురు గాక.

కాబట్టి ఏ అప్పు ముందు తీర్చవలెనన్న సందేహము వద్దు. ఎక్కువగా అడుగువానిది కాదు, ఎక్కువ వడ్డీ గలది ముందు తీర్చవలెను.

జీతగాండ్రవలె నెల లెక్క మనకు కుదరదు, మన లెక్క ఏడాదిది. పత్తి యేరుటయు వరికోతయు నవంబరు, డిసెంబరులలో చేతికి డబ్బు తెచ్చును. అదే వేళకు క్రిస్మసు, క్రొత్త సంవత్సరము, వెంటనే పెండ్లిండ్లు. జూను వచ్చునప్పటికి విత్తనములు, ఎరువు, బడి ఫీజులు, పుస్తకములు ఒక్కసారే నిలుచును, చేతిలో ఏమియు నుండదు. మూడు రూపాయల వడ్డీకి బయలుదేరునది జూనులోనే. పండుగనాడు బిడ్డలకు క్రొత్త బట్టలు వద్దని నేననుట లేదు. జూను ఖర్చు డిసెంబరులోనే పుస్తకములో వ్రాసి, ఆ సొమ్ము బ్యాంకులోనో పోస్టాఫీసులోనో వేసిన తరువాత బట్టలు కొనుడని చెప్పుచున్నాను. యోసేపు సమృద్ధిగల యేండ్లలో అయిదవ భాగము తీసి నిలువచేయించెను (ఆదికాండము 41:34). అది మనకు ఆజ్ఞ కాదు గాని మంచి కొలత. పంట మీద ఖర్చులు పోగా 80,000 మిగిలిన యింట అది 16,000 అగును.

స్త్రీలకు ఇది క్రొత్త కాదు. ఎసటిలో పోయకమునుపు పిడికెడు బియ్యము దేవునికని వేరుగా తీయు తల్లులు మన సంఘములలో ఉన్నారు. పిడికెడు 50 గ్రాములనుకొని పూటకొకటి చొప్పున రెండుపూటలు తీసినను ఏడాదికి 36 కిలోలు దాటును. వండిన తరువాత మిగిలినది తీయుదమనుకొనిన యెడల ఆ కుండ ఎన్నడైన నిండునా?

కానుకల విషయమై గూడ ఒక మాట. నాకు వచ్చు జీతము మీ కానుకలనుండియే గనుక ఇది నా నోట వినుట కొందరికి వింతగా నుండవచ్చును. వడ్డీకి తెచ్చి కానుక వేయకుడి, వడ్డీకి తెచ్చి మ్రొక్కుబడి చెల్లింపకుడి. కలిగినదానికొలదియే ఇచ్చుట ప్రీతికరమని పౌలు కొరింథీయులకు వ్రాసెను (2 కొరింథీయులకు 8:12). పొరుగువారి ముందు చిన్నతనమని వెయ్యి రూపాయలు అప్పు తెచ్చి వేయువానికంటె, ఇంటి లెక్క చూచుకొని పది రూపాయలు వేయు వితంతువు నాకు ధైర్యము కలిగించుచున్నది.

గుంపు అప్పులలో మరియొక భయము కలదు. ఒకరు కట్టలేనప్పుడు తక్కిన స్త్రీలు పూచీ. సామెతలు 6వ అధ్యాయములో పూచీపడినవాడు నిద్రపోక వెళ్లి బ్రతిమాలుకొనవలెనని బోధింపబడినది. వారపు కిస్తీల ఒత్తిడియు, అవమానమును, ఆత్మహత్యలును మన ప్రాంతమెరిగినదే. వాటి పిమ్మట ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వము 2010 అక్టోబరులో సూక్ష్మఋణ సంస్థలపై ఆర్డినెన్సు తెచ్చెను, 2011లో అది చట్టమాయెను. చట్టము మంచిదే. అయినను బాకీ సంగతి ఇంటిలో చెప్పుకొనలేని స్త్రీ యొద్దకు చట్టము తానై రాదు. ఈ వాక్యములోని విధవరాలు సిగ్గుపడి ఇంట కూర్చుండక ఎలీషాయొద్దకు పోయి మొఱ్ఱపెట్టెను.

ఎలీషా చెప్పిన క్రమము ఏడవ వచనములో చూడుడి. నూనె అమ్ముట, అప్పు తీర్చుట, పిమ్మట మిగిలినదానితో ఆమెయు బిడ్డలును బ్రదుకుట. మనము వెనుకనుండి మొదలుపెట్టుచున్నాము.

వచ్చు నెల స్త్రీల సమాజ కూటములో ఈ భాగమునే ధ్యానింతుము. పురుషులును రావచ్చును. వడ్డీ లెక్క వేయుట తెలియనివారు ఆదివారము ఆరాధన ముగిసిన తరువాత నోటుపుస్తకము తీసికొని నా యింటికి రండి, వేసి చూపుదును. ఒంటరిగా కాక, భార్యాభర్తలు ఇద్దరును రండి.