గుమ్మడిపువ్వు: బతుకమ్మకు పోగా మిగిలింది కంచానికి

వేములవాడలో సద్దుల బతుకమ్మ ఏడో రోజునే. పెత్రమాసనాడు ఎంగిలిపూలతో మొదలైన తెంపుడు వారం తిరిగేలోపే జోరందుకుంటుంది. గౌరమ్మను నిలిపే గుమ్మడిపువ్వు కోసం ఆడబిడ్డలు దడులన్నీ గాలిస్తారు. జూన్, జులైలో విత్తిన తీగలు ఇప్పుడు పూతమీద ఉన్నాయి. పండుగకు పోగా మిగిలిన పూలు వాడిపోనీయకండి, అవి కమ్మని కూర. ఏది తెంపాలో తెలిసి తెంపితే కాయకు నష్టం లేదు.

గుమ్మడికి మగపూలు, ఆడపూలు వేరువేరు. సన్నని పొడుగు కాడమీద నిలబడేది మగపువ్వు. రెక్కల కింద చిన్న పిందె కనబడితే ఆడపువ్వు, దాన్ని ముట్టొద్దు. మగపూలు ముందుగా వస్తాయి, లెక్కలోనూ చాలా ఎక్కువ. అవి రాలుతున్నాయని కంగారుపడి మందు కొట్టకండి, ఒక్కపూట పూసి రాలడం వాటి స్వభావం. తెల్లవారుజామున విచ్చుకొని పొద్దెక్కేసరికి ముడుచుకుంటాయి. ఆ కొద్ది గంటల్లోనే తేనెటీగలు పుప్పొడిని ఆడపువ్వుకు చేర్చాలి. అందుకే పొద్దున్నే ఊడ్చినట్టు తెంపొద్దు. తేనెటీగలు తిరిగిపోయాక, రెక్కలు ముడవకముందు కోయండి, తీగకు కొన్ని వదలండి. యూరియా ఎక్కువ వేస్తే తీగ, మగపూలే పెరిగి పిందెలు తగ్గుతాయి.

అసలు భయం మందులతోనే. మన దగ్గర గుమ్మడి తీగ చాలాచోట్ల పత్తి చేను గట్టునే పాకుతుంది. పత్తికి కొట్టిన మందు గాలికి వచ్చి పువ్వుమీద పడుతుంది, పువ్వును కాయలా చెక్కు తీసి తినలేం కదా. మందు తగిలిన తీగ పూలు వంటకు వద్దు. గుమ్మడి పిందెలను కుట్టే పండు ఈగకు మందు బదులు క్యూల్యూర్ ఎరలు కట్టండి, కుట్టిన పిందెలను ఏరి పాతిపెట్టండి. అంగట్లో కొన్న బంతిపూలనూ వంటమీద చల్లొద్దు, వాటిని అలంకరణకే పెంచుతారు. వేములవాడ శివుడు రాజన్నకు పెట్టే ఉమ్మెత్త, గన్నేరు పూలు విషం, వాటిని వంటింట్లోకి రానీయొద్దు.

కోసిన పువ్వును విప్పి చూడండి, లోపల పురుగో, చిక్కుకున్న తేనెటీగో ఉండొచ్చు. నడిమి కేసరం, అడుగున ఆకుపచ్చ రేకులు తీసేసి నీళ్లలో ముంచి తీయండి. వాము వేసిన శనగపిండిలో ముంచి వేయిస్తే బజ్జీ. పెసరపప్పు ఉడికాక చివర్లో వేసి ఒక్క పొంగు రానిస్తే చాలు, ఎక్కువ ఉడికితే మెత్తబడిపోతుంది. సర్వపిండిలో తరిగి కలిపితే ఇంకా రుచి. సద్దులనాడు పెరుగు సద్దిమీద సన్నగా తరిగిన రెక్కలు చల్లితే పసుపురంగుతో కంటికి ఇంపుగా ఉంటుంది. మునగపువ్వు, అవిసెపువ్వు కూడా వేపుడుకు బాగుంటాయి, అవిసె కొంచెం చేదు.

అమ్మదలిస్తే తడిబట్టలో చుట్టి ఆ పూటే చేర్చాలి, మర్నాటికి నిలవవు. రాజన్న గుడి చుట్టూ ఉన్న టిఫిన్ బండ్లవాళ్లను ముందే అడిగి, కావాలన్నన్నే కోయండి. కోసే ముందు పక్క చేనువాళ్లు ఈమధ్య మందు కొట్టారేమో తప్పకుండా కనుక్కోండి.