కుక్కర్ స్టవ్ మీద ఉండగానే

పెళ్లికి ముందు ముచ్చటపడి కొనుక్కున్న కెమెరా, బిడ్డ పుట్టాక బీరువా పై అరకెక్కి కూర్చున్న ఇళ్లు మనకు చాలానే తెలుసు. కొందరిళ్లలో అది కెమెరా. కొందరిళ్లలో వీణ. ఇంకొందరిళ్లలో గట్టిపడిపోయిన రంగుల ట్యూబులు, సగంలో ఆగిన ఎంబ్రాయిడరీ. కదిపితే అందరూ అనే మాట ఒకటే: పిల్లలు కాస్త పెద్దయ్యాక మళ్లీ మొదలుపెడదాంలే అని. పిల్లలు పెద్దవుతారు. అప్పటికి పదో తరగతి పరీక్షలు వస్తాయి, వెనకే ఇంటరూ ఎంట్రన్సులూ, అవి గట్టెక్కేలోపు అత్తయ్యగారి మోకాలి ఆపరేషను. అందుకని తీరిక ఎలా చేసుకోవాలో చెప్పే జోలికి నేను పోను. ఇల్లు ఇలాగే గందరగోళంగా ఉండగా, కుక్కర్ స్టవ్ మీద ఉండగానే ఫొటోలు తీసుకోవడం ఎలాగో మాట్లాడుకుందాం.

ఉద్యోగం, సంసారం ఉన్నవాళ్లకు ఇవన్నీ ఎక్కడ కుదురుతాయండీ అంటారా? ఆరో నిజాం మహబూబ్ అలీఖాన్ కొలువులో ఫొటోగ్రాఫరై, రాజా బిరుదు అందుకున్న లాలా దీన్‌దయాళ్ (1844–1905) రూర్కీలో ఇంజినీరింగు చదివి, ఇందోర్‌లో పబ్లిక్ వర్క్స్ శాఖలో పనిచేసినాయన. కెమెరా పట్టింది ఆ ఉద్యోగం చేస్తూనే, సరదాకి. కాకపోతే తర్వాత దాన్నే వృత్తి చేసుకున్నాడు కనుక ఆయన కథ మనకు సగమే పనికొస్తుంది. మనకు ఇంకా దగ్గరైనావిడ ఒకరున్నారు.

జూలియా మార్గరెట్ కామెరాన్ 1815లో కలకత్తాలో పుట్టింది. భర్త రిటైరయ్యాక కుటుంబం ఇంగ్లండు వెళ్లి, చివరికి వైట్ దీవిలో ఫ్రెష్‌వాటర్ అనే ఊళ్లో ఇల్లు కొనుక్కుంది. 1863లో కూతురూ అల్లుడూ ఆమెకు ఒక కెమెరా కానుకగా ఇచ్చారు. అప్పటికి ఆమె వయసు 48, పెంచి పెద్దచేసిన పిల్లలు అరడజనుకు పైనే. బొగ్గులు పోసుకునే కొట్టును డార్క్‌రూమ్ చేసింది. కోళ్లను బయటికి తోలేసి, అద్దాలు బిగించిన ఆ కోళ్ల గూటినే స్టూడియో చేసుకుంది. ఇంట్లో పనిచేసే మేరీ హిల్లియర్‌కు ముసుగు కప్పి మేరీమాతను చేసింది, ఇరుగుపొరుగు పిల్లలకు రెక్కలు తగిలించి దేవదూతలను చేసింది. తడి ఆరని గాజు పలకలు పట్టుకుని, భర్తకు చూపించాలని భోజనాల గదిలోకి పరుగెత్తేదట. సిల్వర్ నైట్రేట్ కారి టేబుల్ గుడ్డలన్నీ ఎంత ఉతికినా పోని మరకలు. ఇంతగా ఓర్చుకునే ఇల్లు కాకపోతే తనను ఎప్పుడో బయటికి పంపేసేవారని ఆమే రాసుకుంది. ఫొటోలు మసకగా ఉన్నాయని, పలకల మీద గీతలు పడ్డాయని ఆ రోజుల్లో వంక పెట్టినవాళ్లు చాలామంది. ఆ మసక ఫొటోలే ఇప్పుడు లండన్‌లో విక్టోరియా అండ్ ఆల్బర్ట్ మ్యూజియంలో ఉన్నాయి.

ఈ కథలో నాకు మ్యూజియం కన్నా ఆ మరకలే ఎక్కువ నచ్చుతాయి. ఇష్టమైన పని జరిగే ఇంట్లో కొంత చిందరవందర తప్పదు, దాన్ని ఇంటిల్లిపాదీ ఓర్చుకోక తప్పదు. మన ఇళ్లలో ఆ ఓర్పు తరచూ ఒకరి వంతుకే వస్తోంది. నాన్న ఆదివారం తెల్లవారుజామునే కెమెరా బ్యాగు భుజాన వేసుకుని స్నేహితులతో అనంతగిరి కొండలకు వెళితే అది హాబీ. అమ్మ ఒక గంట గది తలుపు వేసుకుని బొమ్మ గీసుకుంటే మాత్రం చాకు ఎక్కడుందనీ, నా తెల్ల చొక్కా ఇస్త్రీకి ఇచ్చావా అనీ, ఊరికే ఏం చేస్తున్నావో చూద్దామనీ తలుపు తడుతూనే ఉంటారు. నాన్నలకు నా సలహా చిన్నదే. మీకో ఆదివారం దొరికితే ఆవిడకూ ఒక ఆదివారం దొరకాలి, అదీ మీరు ఇంట్లో ఉండి పిల్లలకు అన్నం పెట్టిన ఆదివారం. పిల్లల ముందే ఆ మాట అనండి: "ఈ గంట అమ్మది. చాకు సొరుగులోనే ఉంది, నేను తీసిస్తా." పిల్లలు దీన్ని చాలా తొందరగా నేర్చుకుంటారు. పెద్దవాళ్లకే కాస్త టైము పడుతుంది.

లంబసింగి మంచు, గండికోట లోయ ఎక్కడికీ పోవు. పిల్లలు కొండ ఎక్కే వయసు వచ్చాక అందరూ కలిసి వెళ్లొచ్చు. ప్రస్తుతానికి మీ వంటింటి కిటికీ చాలు. పొద్దున్న ఏడింటికి ఇడ్లీ పాత్ర మూత తీసే ముందు ట్యూబులైటు ఆర్పేయండి. ఆ వెలుతురూ కిటికీ వెలుతురూ ఒక రంగువి కావు, రెండూ కలిస్తే మనిషి ముఖం ఒక పక్క ఒకలా, ఇంకో పక్క ఇంకోలా పడుతుంది. ఇప్పుడు పాత్ర మీకూ కిటికీకీ మధ్య ఉండేలా, కాస్త పక్కగా నిలబడండి. మూత లేవగానే వెనక నుంచి వెలుతురు తగిలి ఆవిరి తెల్లగా మెరుస్తుంది, అమ్మమ్మ చేతి గాజుల అంచులు వెలుగుతాయి. అదే ఆవిరిని కిటికీకి వీపు పెట్టి తీస్తే ఉన్నట్టే తెలియదు. ఫోనుతో తీస్తుంటే తెర మీద ఆవిరి దగ్గర వేలితో తాకి, వెలుతురు కొంచెం తగ్గించండి. అన్నిటికన్నా ముందు లెన్సు తుడవండి. వంటింట్లో తిరిగే ఫోను లెన్సు మీద నూనె వేలిముద్ర లేని రోజుండదు. కెమెరా బాగోలేదని మనం తిట్టుకునే ఫొటోల్లో సగం ఆ జిడ్డు పుణ్యమే.

రాత్రిపూట ట్యూబులైటే దిక్కయితే, కెమెరాలో షటర్ వేగం సెకనులో యాభయ్యో వంతు గానీ నూరో వంతు గానీ పెట్టుకోండి. మన కరెంటు 50 హెర్ట్జ్‌ది. దానితో వెలిగే మామూలు ట్యూబులైటు సెకనుకు 100 సార్లు మిణుకుతుంది. కంటికి తెలియని ఆ మిణుకు, మరీ వేగంగా తీసిన ఫొటోలో అడ్డచారలై కనిపిస్తుంది. ఎండలో ఆడుకునే పిల్లలకు మాత్రం వేగం కావాల్సిందే. ఐదువందలో వంతు ఉంటే గాల్లో ఎగిరిన కాలు గాల్లోనే ఆగుతుంది.

పిల్లల దగ్గర మిగతా టెక్నిక్కంతా ఒక్క మాటలో చెప్పాలంటే: నేల మీద కూర్చోండి. మూడేళ్లవాణ్ణి మనం నిలబడి పైనుంచి తీస్తే పెద్ద తల, పొట్టి కాళ్లు పడతాయి. వాడి కళ్ల ఎత్తుకు దిగితే వాడి ప్రపంచం ఎంత ఎత్తులో ఉందో మీకూ తెలుస్తుంది. "ఇటు చూడు, నవ్వు, ఏదీ ఇంకోసారి" అనకండి. అలా అలవాటైన పిల్లలు కెమెరా కనబడగానే పళ్లికిలించి రెండు వేళ్లు పైకెత్తుతారు, ఆ తర్వాత వాళ్ల అసలు ముఖం దొరకడం కష్టం. అన్నప్రాశన, పుట్టినరోజు కేకు, పట్టుపావడా, ఇవన్నీ ఎవరో ఒకరు తీయకమానరు. మీరు జడ లాగినప్పుడు పాప పెట్టే ముఖం తీయండి. కుడి బూటు ఎడమ కాలికి తొడుక్కుని ఏదో తేడాగా ఉందే అని చూసుకుంటున్న వాణ్ణి తీయండి. చపాతీ పిండితో చేసిన పాము, తాతయ్య పేపరు చదువుతుంటే అవతలి అంచు పట్టుకున్న చిట్టి వేళ్లు, హోంవర్కు పుస్తకం మీదే వాలిపోయిన నిద్ర. తీసే ముందు ఇల్లు సర్దకండి. గోడ మీద క్రేయాన్ గీతలు, తేదీలు కొట్టేసిన పాల క్యాలెండరు, స్టాండు మీద బోర్లించిన గిన్నెలు అలాగే ఉండనీయండి. పాత ఆల్బమ్ చూస్తూ మనం "అరే, ఆ మర్ఫీ రేడియో!" అని ఆగిపోయేది ఎప్పుడూ వెనక ఉన్న వస్తువు దగ్గరే కదా.

ఎన్ని తీయాలి? మన పెద్దవాళ్లు వాడిన ఆగ్ఫా క్లిక్ త్రీలో రీలుకు పన్నెండే ఫొటోలు. ఒకటి నొక్కేముందు ఇంటాయన అందరినీ పది నిమిషాలు నిలబెట్టేవాడు. ఆ రోజులే మంచివని నేననను, ఆ పన్నెండులో సగం తలలు తెగినవే. కానీ ఒక్క స్కూలు వార్షికోత్సవానికి మూడు వందల ఫొటోలు తీసి, ఒక్కటీ మళ్లీ చూడకపోవడం కూడా సుఖం కాదు. అమెరికాలో ఫెయిర్‌ఫీల్డ్ విశ్వవిద్యాలయానికి చెందిన లిండా హెంకెల్ అనే సైకాలజిస్టు విద్యార్థులను మ్యూజియంలో తిప్పి, కొన్ని వస్తువులను ఊరికే చూడమని, కొన్నిటిని ఫొటో తీయమని చెప్పారు. 2014లో అచ్చయిన ఆ అధ్యయనంలో తేలిందేమిటంటే, ఫొటో తీసినవి వాళ్లకు తక్కువగా గుర్తున్నాయి. ఒక చిన్న భాగాన్ని జూమ్ చేసి తీసినప్పుడు మాత్రం ఆ నష్టం లేదు. మొత్తం తీసేద్దామన్న ఆత్రంలో చూపు జారిపోతుందనీ, ఒక చోట నిలిపి చూస్తే నిలుస్తుందనీ నాకు అర్థమైంది. పాప స్టేజి మీద కూచిపూడి చేస్తుంటే మొదట్లో రెండు మూడు తీసి ఫోను జేబులో పెట్టేయండి. జనంలో పాప వెతికేది మీ ముఖాన్ని. దానికి ఫోను వీపు కనబడితే ఏం లాభం?

పిల్లలు మన పిల్లలే అయినా వాళ్ల ముఖం వాళ్లది. "అమ్మా, ఇది వద్దు" అన్నప్పుడు, అది ఎంత గొప్పగా కుదిరిన ఫొటో అయినా తుడిచేయండి. అడిగితే తుడిచేస్తారని తెలిసిన పిల్లలే మిమ్మల్ని దగ్గరికి రానిస్తారు. స్నానం ఫొటోలు, దెబ్బ తగిలి ఏడ్చే ఫొటోలు, మార్కుల కార్డు పట్టుకుని తలదించుకున్న ఫొటోలు వాట్సాప్ స్టేటస్‌కు ఎక్కించే అలవాటు మానుకోవాలి. బంధువుల గ్రూపులో పెట్టేవాటిలోనూ యూనిఫాం మీద బడి పేరు, వెనక ఇంటి నంబరు కనబడుతున్నాయేమో చూసుకోండి. నానమ్మకు పంపాలనుకుంటే నానమ్మకే పంపండి. ఆవిడ ఎలాగూ ఫోన్ చేసి, పిల్లవాడు చిక్కిపోయాడని ఒక అరగంట మాట్లాడుతుంది.

ఇంట్లో ఫొటోలు తీసే మనిషి ఏ ఫొటోలోనూ ఉండరు. ఏళ్ల తరబడి ఆల్బమ్ తిరగేస్తే అసలు ఆ మనిషి ఆ ఇంట్లో లేనట్టే ఉంటుంది. కెమెరా వేరేవాళ్ల చేతికి ఇవ్వండి. చొక్కా నలిగిందనో, జుట్టు రేగిందనో, లావుగా కనిపిస్తున్నాననో తప్పించుకోకండి. బిడ్డ వెతుక్కునేది అన్నం కలిపి ముద్ద పెడుతున్న అమ్మను, ఆవిడ నడుము కొలతను కాదు.

పాత ఫోను ఒకటి సిమ్ తీసేసి పిల్లల చేతికిచ్చి, వాళ్లు ఏం తీస్తారో చూడండి. ఫ్యాను తీస్తారు, కుక్క తోక తీస్తారు, మీ ముక్కు రంధ్రాలు తీస్తారు. దిద్దకండి. ఎండాకాలం సెలవుల్లో పెంకుటింటికి వెళితే మధ్యాహ్నం వాళ్లను లోపలి గదిలో కూర్చోబెట్టండి. పెంకుల సందులోంచి నేల మీద పడే గుండ్రటి వెలుగు మచ్చను చూపించి, సందు గుండ్రంగా లేకపోయినా మచ్చ గుండ్రంగానే ఎందుకుందో అడగండి. అది సూర్యుడి బొమ్మ. సూర్యగ్రహణం రోజు ఆ మచ్చలన్నీ నెలవంకలైపోతాయి. కెమెరా లోపల జరిగేదంతా ఇదే. కిటికీని నల్ల కాగితంతో మూసి చిన్న చిల్లు పెడితే, వీధిలో పోయే ఆటో ఎదుటి గోడ మీద తలకిందులుగా పాకుతుంది. ఆ ఆటోను చూసిన పిల్లకు కాంతి సరళరేఖలో ప్రయాణిస్తుందని బట్టీ పట్టించనక్కర్లేదు.

మీ ఇష్టం కెమెరా కాకపోయినా పద్ధతి ఇంచుమించు ఇదే. పని కంటికి కనబడేలా ఉంచండి. కుట్టుపనిని పళ్లెంలో సూదితో సహా పిల్లలకు అందని అల్మారా మీద, వీణను గవిసెన తీసి గది మూలన. లోపల పెట్టి తాళం వేస్తే దాన్ని బయటికి తీయడమే ఒక పనవుతుంది, ఉన్న పది నిమిషాలూ అందులోనే అయిపోతాయి.

కొత్త లెన్సు కొనమంటారా అని అడిగేవాళ్లకు: ఆరు నెలలు ఉన్నదానితోనే తీయండి. అప్పటికీ ఇంట్లో వెలుతురు చాలడం లేదనిపిస్తే, 50 ఎంఎం ఎఫ్/1.8 లెన్సు ఒకటి చాలు, సెకండ్‌హ్యాండ్‌దైనా ఫరవాలేదు. అంతకు మించి ఖర్చు పెట్టాలనుంటే ప్రింట్ల మీద పెట్టండి. నెలకోసారి నచ్చినవి నాలుగు ఏరి, స్టూడియోలో పోస్టుకార్డు సైజులో వేయించి, వెనక పెన్సిల్‌తో తేదీ, ఊరు, ఎవరెవరో రాయండి. మిగతావాటిని ఫోనులోనే వదిలేయకుండా ఒక హార్డ్‌డిస్కులో, ఇంకో కాపీ వేరే ఊళ్లో ఉన్న తమ్ముడి దగ్గర దాచండి.

కాకినాడ, విశాఖ లాంటి సముద్రపు గాలి తగిలే ఊళ్లవాళ్లకు ఇంకొక పని కూడా ఉంది. వానాకాలం తేమకు లెన్సు లోపల తెల్లటి దారాల్లా బూజు పడుతుంది, ముదిరితే అద్దం మీది పూతనే తినేస్తుంది. తోలు సంచిలో ఉంచిన కెమెరాకు మరీ త్వరగా వస్తుంది. గాలి చొరని ప్లాస్టిక్ డబ్బాలో సిలికా జెల్ పొట్లాలు వేసి, అందులో పెట్టండి. రంగు మారే రకం గింజలు తెచ్చుకుంటే ఎప్పుడు మార్చాలో అవే చెబుతాయి. పొట్లాలు మాత్రం పిల్లల నోటికి అందకూడదు. పురుగు పట్టకుండా ఉంటుందని కొందరు ఆ డబ్బాలో కలరా ఉండలు కూడా వేస్తుంటారు. వాటి ఆవిరి లెన్సుకు మంచిది కాదు, వేయకండి.